టర్బో కారుని ఇథనాల్ మీద ట్యూన్ చేయడం ఎలా: భీమవరం షెడ్డు లెక్క

షెడ్డుకొచ్చే కుర్రాళ్ళు అడిగే మొదటి మాట ఒకటే, "అన్నా, ఇథనాల్ పోస్తే ఎన్ని గుర్రాలు పెరుగుద్ది?" ఏం పెరగదు తమ్ముడూ అంటే మొహం మాడ్చుకుంటారు. నిజంగానే పెరగదండి, ఉత్తినే ట్యాంకులో పోసి తిప్పితే పెరక్కపోగా మిక్చర్ లీనైపోయి, అంటే గాలికి తగ్గ ఇంధనం చాలక, చెక్ లైటు వెలుగుద్ది, పికప్ పోద్ది, ఇంకా తొక్కితే పిస్టనే పోద్ది. ఇథనాల్ చేసే పనల్లా టైమింగ్ (స్పార్క్ పడే సమయం) ముందుకి జరపడానికీ బూస్ట్ (టర్బో తోసే గాలి ఒత్తిడి) ఎక్కించడానికీ కాస్త ఖాళీ ఇవ్వడం. ఆ ఖాళీని వాడుకోవాలంటే ముందు పంపు, పైపు, ఇంజెక్టర్లు, లెక్కలు అన్నీ సరిచేసుకోవాలి, బూస్ట్ అన్నిటికన్నా చివర. మనోళ్ళు దీన్ని తిరగేసి చేస్తారు, అందుకే ఇదంతా కూర్చుని రాస్తున్నా.

కారణం చిన్న లెక్కలో ఉంది. 1 కేజీ పెట్రోల్ సరిగ్గా కాలాలంటే 14.7 కేజీల గాలి కావాలి, అదే ప్యూర్ ఇథనాల్‌కి 9 చాలు, ఇ85 కి (అంటే 85 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోల్‌కి) దాదాపు 9.8, బంకులో పోసే ఇ20 కి 13.5 దగ్గర. అంటే ఇంజిన్ పీల్చే గాలి అదే అయినా పోయాల్సిన ఇంధనం మాత్రం బాగా పెరుగుద్ది. పైగా లీటరు పెట్రోల్లో 32 మెగాజౌల్స్ శక్తి ఉంటే లీటరు ఇథనాల్లో 21 మాత్రమే, కాబట్టి ఇ85 మీద మైలేజీ పాతిక ముప్పై శాతం పడిపోద్ది, లీటరుకి 15 ఇచ్చే బండి 11 ఇస్తే సంతోషించండి. మరి ఎందుకు ఈ తలనొప్పి అంటే రెండు లాభాలు. 91 ఆక్టేన్ పెట్రోల్‌తో పోలిస్తే ఇథనాల్ ఆక్టేన్ 108 దగ్గర ఉంటుంది, అంటే నాకింగ్ (ఇంధనం తనంతట తానే అంటుకుని ఇంజిన్ కొట్టుకోవడం) అంత తేలిగ్గా రాదు. రెండోది, ఇంజెక్షన్ చేసే ముందు నర్సమ్మ దూదితో స్పిరిట్ రాస్తే చల్లగా తగుల్తుంది చూడండి, సిలిండర్లో కూడా అదే జరుగుద్ది, ఆవిరయ్యేటప్పుడు పెట్రోల్ కంటే రెండింతల పైనే వేడి లాక్కుంటుంది. మే నెలలో తాడేపల్లిగూడెం నుంచి వచ్చేసరికి టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ పెనంలా కాలిపోయే మన ఊళ్ళకి ఇది చిన్న విషయం కాదు.

ఇక ఇంధనం ఎక్కడ దొరుకుద్ది. 2018 బయోఫ్యూయల్ పాలసీలో 20 శాతం ఇథనాల్‌కి 2030 గడువు పెట్టారు, 2022లో దాన్ని 2025-26 కి ముందుకి లాగారు, ఇప్పుడు మన బంకుల్లో మామూలు పెట్రోల్ అంటేనే ఇ20. అంతకంటే ఎక్కువ కావాలంటే ఇండియన్ ఆయిల్ వాళ్ళు 2024 మార్చిలో ఇథనాల్ 100 అని 183 బంకుల్లో మొదలెట్టారు, మహారాష్ట్ర, కర్ణాటక, యూపీ, ఢిల్లీ, తమిళనాడు. ఆ లిస్టులో మన రాష్ట్రం లేదు. చెరుకు మనది, నూకలు మనవి, మొక్కజొన్న మనది, ఆ ఇంధనం మాత్రం మద్రాసులో, ఏం చేస్తాం. పేరుకి 100 అన్నా అందులో ఇథనాల్ 93 శాతం పైచిలుకే, 5 శాతం పెట్రోల్, మిగతా ఒకటిన్నర కో-సాల్వెంట్. లెక్కలు వేసేటప్పుడు 93 అనే వేసుకోండి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్తా. "తెలిసినోళ్ళ దగ్గర స్పిరిట్ క్యాన్ దొరుకుద్దండి" అని వచ్చేవాళ్ళు ఉంటారు, వద్దు. ఎక్సైజ్ కేసు సంగతి అలా ఉంచండి, ఆ క్యాన్లో మిథనాల్ కలిసుంటే దానికి కావాల్సిన గాలి నిష్పత్తి 6.4, మీ మ్యాపు (ఇంజిన్ కంప్యూటర్లో ఉండే ఇంధనం, స్పార్క్ లెక్కల పట్టిక) మొత్తం తప్పు, అల్యూమినియం భాగాల్ని కూడా తినేస్తుంది. బండి విషయానికొస్తే మోటార్ వెహికల్స్ చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్నదానికి తేడా వచ్చేలా మార్పులు చేయకూడదు, ఇన్సూరెన్స్ వాళ్ళు కూడా ఒప్పుకోరు. అందుకని నేను రోడ్డు బండికి ఇ20 వరకే సర్దుతా, అంతకు మించి కావాలంటే ట్రాక్ బండి, దాన్ని ట్రైలర్ మీద చెన్నై తీసుకెళ్ళి అక్కడే ఇంధనం పోయించి అక్కడే ట్యూన్ చేసి వస్తాం. నేను ఇ50 దాటించిన బళ్ళు అన్నీ అలా చేసినవే.

సరే, పని మొదలెడదాం. లాప్‌టాప్ కంటే ముందు కావాల్సింది మూతున్న 100 ఎంఎల్ గాజు మెజరింగ్ జార్. భీమవరంలో దానికి కొదవేముంది, చెరువు నీళ్ళ టెస్టింగ్ సామాన్లు అమ్మే ఏ ఆక్వా షాపుకెళ్ళినా ఇస్తారు. అందులో 50 గీత వరకు నీళ్ళు పోయండి, మిఠాయి రంగు ఒక్క చుక్క వేయండి, రంగు నీళ్ళలోనే ఉంటుంది పెట్రోల్లోకి ఎక్కదు కాబట్టి గీత స్పష్టంగా కనపడుద్ది. పైన 100 వరకు ట్యాంకులోంచి తీసిన ఇంధనం పోసి మూత బిగించి నెమ్మదిగా ఓ పది పదిహేను సార్లు తలకిందులు చేయండి, మధ్యలో మూత కాస్త వదులు చేసి గ్యాస్ వదలండి లేకపోతే మొహాన కొడుద్ది. తర్వాత బల్ల మీద పెట్టి టీ తాగి రండి. ఇథనాల్ అంతా నీళ్ళలోకి దిగిపోద్ది, పైన పెట్రోల్ ఒక్కటే తేలుద్ది. ఆ తేలిన పొర ఎన్ని ఎంఎల్ ఉందో చూస్కోండి, 40 ఉంటే ఇ20, 25 ఉంటే ఇ50, ఏడెనిమిది మాత్రమే ఉంటే ఇ85. మొత్తం మట్టం 100 నుంచి కొంచెం కిందకి దిగుద్ది, కారిపోయిందేమో అని కంగారు పడకండి, నీళ్ళూ ఇథనాల్ కలిస్తే కుంచించుకుంటాయి, అందుకే కింది పొర కాకుండా పై పొర మందమే కొలవమంటున్నా. ఇది నూటికి నూరుపాళ్ళు కరెక్ట్ కాదు గానీ ట్యూనింగ్‌కి సరిపోద్ది. ఈ పని మంటలకి దూరంగా, బయట గాలిలో, ఫోను పక్కన పడేసి చేయండి.

నీళ్ళు కలపకుండా ఉత్త ఇంధనాన్నే జారులో పట్టి కాసేపు ఉంచి చూడటం కూడా అలవాటు చేసుకోండి, ముఖ్యంగా వర్షాకాలంలో. ఒకసారి మూడ్రోజుల ముసురు తర్వాత ఒక బండి ఈడ్చుకుంటూ వచ్చింది, ట్యాంకులోంచి తీసి జారులో పడితే అడుగున వేరే పొర. ఇథనాల్ గాల్లో తేమని లాక్కుంటుంది, ఇ20 లాంటి దాంట్లో నీళ్ళు ఓ హద్దు దాటితే ఇథనాల్ నీళ్ళతో జతకట్టి కిందకి దిగిపోద్ది, పంపు పీల్చేదేమో అడుగునుంచే. పైన ఆక్టేన్ తగ్గిన పెట్రోల్, కింద నీళ్ళ ఇథనాల్, ఇక దాని మీద ఏం ట్యూన్ చేస్తారు. ట్యాంకు ఎప్పుడూ ముప్పాతిక పైనే ఉంచండి, ఖాళీ ఎంత ఉంటే తేమ అంత. మూత రబ్బరు చూసుకోండి.

కలుపుకోవడం లెక్క కూడా చెప్పేస్తా. 93 శాతం ఉన్నదాన్నీ బంకు ఇ20 నీ కలిపి 10 లీటర్ల ఇ50 కావాలంటే 4.1 లీటర్లు అదీ, 5.9 లీటర్లు ఇదీ. ఇ85 కావాలంటే 8.9, 1.1. నన్నడిగితే ఇ85 దాకా పోనక్కర్లేదండి, ఇ40 ఇ50 దగ్గరే నాకింగ్ బాధ చాలావరకు తీరిపోద్ది, పంపు ఇంజెక్టర్ల ఖర్చు సగం తగ్గుద్ది. ఇ85 అనే పేరు మీద మోజు అంతే.

హార్డ్‌వేర్ కొద్దాం. ముందు కంప్రెషన్ టెస్ట్, నాలుగు సిలిండర్లూ దగ్గర దగ్గరగా లేకపోతే అక్కడే ఆగండి, నీరసంగా ఉన్న ఇంజిన్‌కి ఇథనాల్ టానిక్ కాదు. తర్వాత రబ్బరు. పాత నైట్రైల్ హోసులు ఇథనాల్లో ఉబ్బి మెత్తబడి పగులుతాయి, టెఫ్లాన్ లోపలి పొర ఉన్న హోసులు, వైటన్ ఓ-రింగులు వేయండి, ట్యాంకులో పంపుకీ మూతకీ మధ్య ఉండే జానెడు పైపు మర్చిపోతారు అందరూ, అది ఇంధనంలోనే మునిగి ఉంటుంది కాబట్టి దానికి బయట వేసే హోసు పనికిరాదు, మునిగి ఉండటానికి చేసిన రకమే అడిగి తెచ్చుకోండి. ఇథనాల్ పాత ట్యాంకు అడుగు మడ్డిని కడిగి తెచ్చి ఫిల్టర్లో పోస్తుంది, అందుకే మొదటి రెండు ట్యాంకులయ్యాక ఫిల్టర్ మార్చాల్సిందే.

ఇంజెక్టర్ల సైజు ఊహించొద్దు, లెక్కేయండి. ఉదాహరణకి నాలుగు సిలిండర్ల పోర్ట్ ఇంజెక్షన్ టర్బో, క్రాంక్ దగ్గర 200 హార్స్‌పవర్ అనుకుందాం. టర్బో పెట్రోల్ ఇంజిన్ ఒక్కో హార్స్‌పవర్‌కి గంటకి 0.6 పౌండ్ల ఇంధనం తాగుద్ది అని వేసుకుంటే మొత్తం 120 పౌండ్లు, ఒక్కో ఇంజెక్టర్‌కి 30, ఇంజెక్టర్ 80 శాతం డ్యూటీ (తెరిచి ఉండే సమయం) దాటకూడదు కాబట్టి 37.5, సీసీల్లో చెప్తే నిమిషానికి 400 లోపు. ఇ85 కి దాన్ని 1.35 తో హెచ్చవేయండి, 530 వస్తది, మార్కెట్లో 550 సీసీవి తెచ్చుకోండి. అదే లెక్కన పంపు పెట్రోల్ మీద గంటకి 73 లీటర్లు తోస్తే ఇ85 మీద 100 దగ్గర తోయాలి, అదీ ఉత్తప్పుడు కాదు, బూస్ట్‌లో. రెయిల్ (ఇంజెక్టర్లకి ఇంధనం పంచే గొట్టం) బేస్ ప్రెషర్ 3 బార్, బూస్ట్ 1 బార్ అయితే ఆ టైములో రెయిల్‌లో 4 బార్ కనపడాలి. పంపు డబ్బా మీద రాసిన లీటర్లు ప్రెషర్ లేనప్పటివి అయ్యుండొచ్చు, ప్రెషర్ పెరిగేకొద్దీ తగ్గుతాయి, గ్రాఫ్ చూసి కొనండి, ఇథనాల్‌కి పనికొస్తుందని రాసున్నదే కొనండి. పంపుకి బ్యాటరీ నుంచి లావు వైరు, సొంత రిలే, ఫ్యూజు ఇవ్వండి, పాత సన్న వైరు మీద 11 వోల్టులే వెళ్తుంటే ఎంత పెద్ద పంపైనా నీరసపడుద్ది.

డైరెక్ట్ ఇంజెక్షన్ (నేరుగా సిలిండర్లోకే ఇంధనం కొట్టే) బళ్ళకి ఈ లెక్క వేరు. అక్కడ హైప్రెషర్ పంపు క్యామ్ మీద నడుస్తది, దాని కెపాసిటీ పెంచడం మన షెడ్డు పని కాదు, చాలా బళ్ళు ఇ30, ఇ40 దగ్గరే చేతులెత్తేస్తాయి. రెయిల్ ప్రెషర్ లాగ్ చేయండి, అడిగినంత రావట్లేదంటే అదే మీ హద్దు.

ప్లగ్గులు ఒక మెట్టు చల్లనివి వేసి గ్యాప్ 0.65 మిల్లీమీటర్ల దగ్గర పెట్టండి. ఇది మామూలుగా అనిపిస్తుంది గానీ ఇథనాల్‌కి ఒక దుర్గుణం ఉంది, నాకింగ్‌కి తట్టుకుంటుంది గానీ సిలిండర్లో ఏదైనా ఎర్రగా కాలి ఉంటే స్పార్క్ రాకముందే అంటుకుంటుంది, ప్రీ-ఇగ్నిషన్ అంటే అదే, నాకింగ్ కంటే చెడ్డది.

ఇప్పుడు లాప్‌టాప్. ముందు ఇంజెక్టర్ ఫ్లో నంబరూ డెడ్ టైమూ (కరెంటు ఇచ్చాక ఇంజెక్టర్ తెరుచుకోవడానికి పట్టే ఆలస్యం) ఈసీయూకి, అంటే ఇంజిన్ కంప్యూటర్‌కి, కొత్తవి ఇవ్వండి, మొత్తం ఫ్యూయల్ టేబుల్‌ని గుడ్డిగా 35 శాతం పెంచేసి కూర్చోవద్దు, ఐడిల్లో తంటాలొస్తాయి. స్పార్క్ మ్యాపు పాత పెట్రోల్‌దే ఉంచేయండి, ముట్టుకోవద్దు. వేస్ట్‌గేట్ స్ప్రింగ్ మీదే, అంటే ఉన్నదాంట్లో కనిష్ట బూస్ట్ మీదే నడపండి. ఐడిల్, క్రూజ్ లాంబ్డా (అసలు గాలి నిష్పత్తిని కావాల్సిన నిష్పత్తితో భాగిస్తే వచ్చేది, 1 అంటే సరిగ్గా సరిపోయినట్టు, తగ్గితే ఇంధనం ఎక్కువ) 1.0 కి తెచ్చి, అప్పుడు బూస్ట్‌లో 0.80-0.82 దగ్గర పెట్టండి. పొగ గొట్టానికి పెట్టే వైడ్‌బ్యాండ్ మీటర్ గురించి ఒక గొడవ ఉంది, అది కొలిచేది లాంబ్డా మాత్రమే, తెర మీద చూపించే అంకె పెట్రోల్ స్కేల్. ట్యాంకులో ఇ85 ఉన్నా లాంబ్డా 1 దగ్గర 14.7 అనే చూపిస్తది, 0.82 దగ్గర 12.0 చూపిస్తది, నిజానికి అక్కడ గాలీ ఇంధనం నిష్పత్తి 8.0. ఎవరో ఇ85 కి 9.8 ఉండాలన్నారని మీటర్ మీద 9.8 తెప్పించడానికి ఇంధనం పోసీ పోసీ ప్లగ్గులు తడిపేసినోళ్ళని చూశా. మీటర్‌ని లాంబ్డాకి మార్చేయండి, గొడవ వదిలిపోద్ది.

ఉత్త ఇ20 మీద రోడ్డు బండి అయితే పని ఇంకా సులువు. స్కానర్ పెట్టి లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ తనంతట తాను చేసుకునే ఇంధనం సవరణ) చూడండి, ఇ10 కి సెట్ చేసిన బండి నాలుగైదు శాతం ప్లస్ చూపిస్తే అది రోగం కాదు, ఇథనాల్ లెక్కే. పది దాటితే మాత్రం గాలి లీకో పంపో చూడాలి. కొన్ని ఈసీయూలు ఫుల్ థ్రాటిల్లో ఆ ట్రిమ్ వాడవు, అక్కడ లీన్ అవుద్ది, కాబట్టి బూస్ట్ భాగంలో ఇంధనం చేత్తో సరిచేసి, నాక్ రిటార్డ్ (నాకింగ్ వల్ల ఈసీయూ వెనక్కి లాగిన టైమింగ్) సున్నా దగ్గరుంటే టైమింగ్ ఒకటి రెండు డిగ్రీలు ఇవ్వండి. అక్కడితో చాలు.

టైమింగ్ దగ్గరికొచ్చాం, నేను దెబ్బతిన్నది ఇక్కడే. పెట్రోల్ మీద ఎక్కువ తోస్తే టిక్ టిక్ మని నాకింగ్ చప్పుడొస్తుంది, ఇంజిన్ అరిచి చెప్తుంది. ఇథనాల్ మీద అరవదు. ఒక కుర్రాడి బండికి డైనో (బండిని నిలబెట్టి టార్క్ కొలిచే యంత్రం) మీద ఇ85 పోసి రెండేసి డిగ్రీలు పెంచుకుంటూ పోయా, మొదటి రెండు సార్లు టార్క్ బాగా ఎక్కింది, మూడోసారి కొంచెం, నాలుగోసారి ఏమీ లేదు. నాకింగ్ లేదు కదా అని ఇంకో రెండు ఇచ్చా, ఇంకో రెండు. టార్క్ అలాగే ఉంది, నాక్ సెన్సర్ నిశ్శబ్దం, నేనేమో నా చెవి గొప్పదనుకుంటున్నా. ఆ మధ్యాహ్నం ఆరో రౌండ్‌లో ఆయిల్ డిప్‌స్టిక్ గొట్టంలోంచి పొగ, విప్పితే మూడో పిస్టన్ రింగుల మధ్య గట్టు విరిగి ముక్కలు. టార్క్ పెరగడం ఆగిందంటే మండే ఒత్తిడి సరైన చోటికి వచ్చేసినట్టు, అక్కడి నుంచి ఇచ్చే ప్రతి డిగ్రీ పిస్టన్ పైకొస్తుండగానే నెత్తిన కొట్టడమే. ఆ ఇంజిన్ ఖర్చు నా జేబులోంచే పోయింది, కుర్రాడి తప్పేం లేదు. అప్పట్నుంచి డిగ్రీ చొప్పునే ఇస్తా, టార్క్ ఎక్కడం ఆగిన చోట నుంచి రెండు డిగ్రీలు వెనక్కి లాగి వదిలేస్తా, చప్పుడు వినడం కాదు టార్క్ గీత చూడటమే పని.

అందుకే డైనో కావాలి. మన దగ్గర లేదు కదా అని 16వ నంబర్ హైవే మీద పుల్స్ (ఫుల్ థ్రాటిల్ పరుగులు) కొట్టకండి, వెనక లైటు లేని గడ్డి ట్రాక్టరు తణుకు బైపాస్‌లో ఎప్పుడు ఎదురొస్తుందో ఎవరికీ తెలీదు. కాలవగట్టు రోడ్ల సంగతైతే చెప్పనే అక్కర్లేదు.

టైమింగ్ కుదిరాకే బూస్ట్, అదీ 0.1 బార్ చొప్పున. ప్రతిసారీ మూడు అంకెలు చూడండి, లాంబ్డా నిలబడిందా, రెయిల్ ప్రెషర్ బూస్ట్‌తో పాటు ఎక్కిందా, ఇంజెక్టర్ డ్యూటీ 80-85 దాటిందా. మూడిట్లో ఏది జారినా ఆ రోజుకి అదే ఆఖరి మెట్టు. బూస్ట్ పెరిగితే ఒకటి రెండు డిగ్రీల టైమింగ్ వెనక్కి తీయాల్సి రావచ్చు, తీయండి.

రకరకాల మిక్సులు పోసే ఉద్దేశం ఉంటే ఫ్లెక్స్ సెన్సర్ పెట్టుకోండి. ఫ్యూయల్ లైన్లో కూర్చుని ఇథనాల్ శాతాన్ని ఫ్రీక్వెన్సీగా చెప్తుంది, 50 హెర్ట్జ్ అంటే సున్నా, 150 అంటే నూరు, 70 వస్తే ఇ20 అన్నమాట. ఈసీయూలో పెట్రోల్ మ్యాపు ఒకటి, ఇథనాల్ మ్యాపు ఒకటి పెడితే సెన్సర్ అంకెని బట్టి మధ్యలో కలుపుకుంటుంది. సెన్సర్ ఫెయిలైతే ఇంధనం ఎక్కువ, టైమింగ్ తక్కువ, బూస్ట్ తక్కువకి పడిపోయేలా సెట్ చేయండి. సెన్సర్ ఉన్నా జారు పారేయకండి, మొదటిసారి రెండూ పోల్చి చూసుకోండి.

చలి స్టార్టింగ్ మనకి పెద్ద బాధ కాదు, ఇథనాల్ 13 డిగ్రీల దిగువన ఆవిరవ్వడానికి మొరాయిస్తుంది, కోనసీమలో సంక్రాంతి తెల్లవారుజామున కూడా అంత చలి ఉండదు. ఇ85 మీద క్రాంకింగ్ ఇంధనం దాదాపు రెట్టింపు ఇస్తే రెండో తిప్పుకి అందుకుంటుంది. ఆయిల్ మాత్రం త్వరగా మార్చండి, చిన్న చిన్న దూరాలు తిప్పితే ఇథనాల్, నీళ్ళు ఆయిల్లో కలిసి ఫిల్లర్ మూత కింద పాలమీగడలా పేరుకుంటాయి. నేను 3000 కిలోమీటర్లకే దించేస్తా.

మంట విషయం. ఇథనాల్ మంట ఎండలో సరిగా కనపడదు, గాలి మెలికలు తిరుగుతున్నట్టు ఉంటుంది అంతే. డ్రై పౌడర్ సిలిండర్ చేతికందేలా పెట్టుకోండి, మామూలు ఫోమ్ ఇథనాల్ మీద కరిగిపోద్ది. షెడ్డులో కుర్రాళ్ళకి ముందే చెప్పండి, అది తాగే సరుకు కాదు, అందులో పెట్రోల్ కలిసుంది అని, వినరనుకుంటే క్యాన్ తాళం వేసి పెట్టండి.

ట్రాక్ రోజు అయ్యాక బండిని ఇ85 తోనే మూల పడేయొద్దు. ట్యాంకులో ఉన్న ఇంధనం దించేసి, బంకు పెట్రోల్ పదిహేను లీటర్లు పోసి, ఇ20 మ్యాపు ఎక్కించి, ఇరవై నిమిషాలు నడిపి అప్పుడు ఆపండి, లైన్లలో రెయిల్లో ఉన్నది కూడా మారాలి కదా. ఫ్యూయల్ మూత లోపలివైపు మాస్కింగ్ టేపు ముక్క అంటించి మార్కర్‌తో జారు అంకె, తేదీ, ఎక్కించిన మ్యాపు పేరు రాసేయండి. ప్రస్తుతం నా బండి మూత మీద "40 ఎంఎల్, ఇ20, పాత మ్యాపు" అని ఉంది, నిన్న మా బావమరిది తాళాలు అడిగితే అది చూసే ఇచ్చా.